పదకొండు అక్షౌహిణుల లెక్క

ఎక్కడో ఒక దేశాధినేత పొరుగుదేశం మీదికి సైన్యాన్ని నడిపించాడన్న వార్త వెలువడిన ప్రతిసారీ మన ఇళ్ళలో పెద్దలు అనే మాట ఒకటుంది: వినాశకాలం దాపురించినప్పుడు బుద్ధి విపరీతంగా నడుస్తుందని. యుద్ధానికి దిగిన పాలకుడికి మతి తప్పిందని అనుకుంటే మనసుకు కొంత ఊరట కలుగుతుంది. కాని అది నిజమేనా? ఆలోచనాశక్తి గలవాడు, మంత్రులు, సేనాపతులు చుట్టూ ఉన్నవాడు, లాభనష్టాలను చక్కగా బేరీజు వేసుకుని యుద్ధాన్ని ప్రారంభించడం సాధ్యం కాదా?

మన ఇతిహాసాలను శ్రద్ధగా పఠించినవారికి లభించే సమాధానం కలవరపరిచేదే. సాధ్యమే. దుర్యోధనుడు అలాగే ప్రారంభించాడు. అతడు మూఢుడు కాడు. అతని లెక్కలో అంకెలు తప్పలేదు. అంకెలు సరిగా ఉన్న ఆ లెక్కే అతనిని చివరికి ద్వైపాయన హ్రదంలో ఒంటరిగా దాగేదాకా తీసుకుపోయింది. ఇది ఎలా జరిగిందో తెలుసుకోవడం పాలకులకే కాదు, గృహస్థులకూ అవసరం.

గీతకు ముందున్న పర్వం

యుద్ధం గురించి ధర్మసందేహం కలిగినప్పుడు మనలో చాలామంది వెంటనే భగవద్గీతను తలుస్తారు. అయితే ఒక విషయం గమనించాలి. గీతోపదేశం జరిగే వేళకు యుద్ధనిర్ణయం ముగిసిపోయింది. ఇరుసేనలు బారులు తీరాయి, శంఖాలు మ్రోగాయి. పోరు తప్పని స్థితిలో నిలిచిన ఒక యోధుడు తన స్వధర్మాన్ని ఎలా నిర్వర్తించాలో భగవానుడు అక్కడ బోధించాడు. అసలు యుద్ధాన్ని ప్రారంభించవచ్చునా, ఎప్పుడు ప్రారంభించవచ్చును అనే ప్రశ్నకు సమాధానం వెతకవలసినది అంతకు ముందున్న ఉద్యోగపర్వంలో.

ఉద్యోగమంటే నేడు మనకు జీతం వచ్చే కొలువు. సంస్కృతంలో దానికి ప్రయత్నమని, పూనిక అని అర్థం. ఆ పర్వంలో రెండు పూనికలు పక్కపక్కనే సాగుతాయి. ఒకవైపు రాయబారాలు నడుస్తుంటాయి, మరొకవైపు సైన్యాలు సమకూడుతుంటాయి. మొదట ద్రుపదుని పురోహితుడు హస్తినకు వెళ్ళాడు. తర్వాత ధృతరాష్ట్రుని పక్షాన సంజయుడు ఉపప్లావ్యానికి వచ్చాడు. శాంతి కావాలన్నాడే తప్ప భూమి ఇస్తామని ఒక్క మాట అనలేదు. చివరకు శ్రీకృష్ణపరమాత్మే రాయబారిగా కదిలాడు. తిక్కన సోమయాజి తెలుగు చేసిన ఈ పర్వమూ, దాని ఆధారంగా తిరుపతి వేంకట కవులు రచించిన పాండవోద్యోగ విజయాలూ మన పల్లెల్లో నాటకం చూడనివారికి కూడా పరిచితమైనవే. పద్యాల మాధుర్యంలో పడి మనం అంతగా పట్టించుకోని భాగం ఒకటుంది. అది దుర్యోధనుని వాదం.

దుర్యోధనుని వాదం

పాండవుల బలాన్ని తలచుకుని ధృతరాష్ట్రుడు భయపడినప్పుడు, దుర్యోధనుడు తండ్రికి ధైర్యం చెబుతూ తన బలాన్ని వరుసగా లెక్కపెట్టాడు. తన పక్షాన పదకొండు అక్షౌహిణులు, పాండవుల పక్షాన ఏడు. ఒక్కొక్క అక్షౌహిణిలో 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. స్వచ్ఛందమరణం వరంగా గల భీష్ముడు తనవాడు. ద్రోణుడు, కృపుడు, అశ్వత్థామ, కర్ణుడు తనవారు. గదాయుద్ధంలో తాను భీమునికి తీసిపోడు. పైగా శాస్త్రప్రమాణం కూడా చూపాడు. తనకంటే మూడవవంతు తక్కువ బలం గల శత్రువుతో యుద్ధం చేయవచ్చునని బృహస్పతి చెప్పాడన్నాడు. పదకొండులో మూడవవంతు తీసివేస్తే ఏడుకు కాస్త పైన నిలుస్తుంది. పాండవసేన సరిగ్గా ఆ హద్దుకు లోబడే ఉంది. ఆ అంకెలో దోషం ఎంచగలవారెవరు?

కురుసభలో శ్రీకృష్ణునికి అతడిచ్చిన సమాధానమూ తర్కబద్ధంగానే వినిపిస్తుంది. పాండవులు ఇష్టపడే జూదమాడారు, ఓడారు. ఓడిన సొత్తు ఒకసారి తిరిగి ఇచ్చినా మళ్ళీ ఆడి ఓడారు. ఇందులో తన తప్పేమున్నది? క్షత్రియుడు శత్రువుకు తలవంచరాదు, రణరంగంలో మరణిస్తే వీరస్వర్గం దక్కుతుంది. కాబట్టి సూది మొన మోపినంత నేలయినా ఇవ్వనన్నాడు. సైన్యబలం, న్యాయం, శాస్త్రం, కులధర్మం అన్నీ తనవైపే ఉన్నాయని అతడు నిరూపించుకున్నాడు.

ద్వారకలో జరిగిన కథ అందరూ ఎరిగినదే. ఒకవైపు నారాయణ గోపాలకులనే మహాసైన్యం, మరొకవైపు ఆయుధం పట్టని కృష్ణుడు. అర్జునుడు కృష్ణుని కోరుకుంటే దుర్యోధనుడు లోలోపల పొంగిపోయాడు. యుద్ధానికి సిద్ధమవుతున్న ఏ సేనానిని అడిగినా దుర్యోధనుడు కోరినదే కోరతానంటాడు. కేవల యుక్తితో చూస్తే అర్జునుడే తెలివితక్కువ పని చేశాడు.

లెక్కకు అందనివి

ఇంతకూ ఆ పదకొండు అక్షౌహిణులలో ఏమి జరిగింది? భీష్ముడు సేనాధిపత్యం స్వీకరిస్తూనే పాండుపుత్రులను చంపనని చెప్పాడు. తొమ్మిదవనాటి రాత్రి తనను పడగొట్టే ఉపాయాన్ని తానే ధర్మరాజుకు వివరించాడు. భీష్ముడు ఉన్నంతవరకు ఆయుధం పట్టనని కర్ణుడు భీష్మించుకుని కూర్చున్నాడు. దుర్యోధనుడు ఎవరిని నమ్మి యుద్ధానికి దిగాడో ఆ మిత్రుడు మొదటి పది రోజులూ యుద్ధభూమికే రాలేదు. మర్యాదలకు లోబడి కౌరవపక్షం చేరిన శల్యుడు పాండవులకు మేనమామ. కర్ణునికి సారథ్యం చేస్తూ అతని మనోబలాన్ని క్రుంగదీశాడు. ద్రోణుని మనసు శిష్యుడైన అర్జునుని మీదనే ఉంది.

రథాలు లెక్కకు వచ్చాయి, ఆ రథాలలో కూర్చున్నవారి హృదయాలు లెక్కకు రాలేదు. తన పక్షం ధర్మమని నమ్మనివాడు ప్రాణాలు ఒడ్డుతాడే కాని మనసు ఒడ్డలేడు. ఈ సత్యం పెద్దలు చెప్పగా దుర్యోధనుడు వినకపోలేదు. సభలో పరశురాముడు, కణ్వుడు, నారదుడు చెప్పారు. భీష్మద్రోణులు, విదురుడు చెప్పారు. తల్లి గాంధారిని పిలిపించి చెప్పించారు. వినవలసినవన్నీ విన్నాడు. మరి లెక్కను ఎందుకు సవరించుకోలేదు?

నిశ్చయం ముందు, ఆలోచన తరువాత

దీనికి సమాధానం శ్రీమద్రామాయణంలో కుంభకర్ణుని నోట దొరుకుతుంది. వానరసేన సముద్రతీరానికి చేరిన తరువాత రావణుడు కొలువు తీర్చి మంత్రులను ఆలోచన అడిగాడు. కుంభకర్ణుడు కోపించి, ఈ ఆలోచన సీతను అపహరించడానికి ముందు చేయవలసినది కాని ఇప్పుడా అని నిలదీశాడు. పని ముగించి తర్వాత సలహా అడిగే రాజుకు నీతి తెలియదన్నాడు. సోదరప్రేమ చేత యుద్ధానికి సిద్ధపడినా, అన్న చేసిన దోషాన్ని మాత్రం దాచలేదు.

దుర్యోధనుని విషయంలోనూ ఇదే జరిగింది. నిశ్చయం ఎప్పుడో అయిపోయింది. ఇంద్రప్రస్థంలో మయసభ చూసి వచ్చిన నాడు గుండెలో రగిలిన అసూయ ఆ నిశ్చయాన్ని చేసింది. ఆ తర్వాత బుద్ధికి మిగిలిన పని ఆ నిశ్చయానికి కారణాలు సమకూర్చడమే. విషయచింతన నుంచి ఆసక్తి, ఆసక్తి నుంచి కామం, కామం నుంచి క్రోధం, దాని నుంచి మోహం, స్మృతినాశం, చివరకు బుద్ధినాశం కలుగుతాయని గీత రెండవ అధ్యాయం వివరించింది. బుద్ధినాశమంటే కూడికలు, తీసివేతలు మరచిపోవడమని అనుకోరాదు. బుద్ధి తన యజమానత్వాన్ని కోల్పోయి కోరికకు గుమాస్తాగా మారడమే బుద్ధినాశం. గుమాస్తా లెక్కలు చక్కగానే రాస్తాడు, కాని ఎవరి కోసం రాస్తున్నాడో వారిని ప్రశ్నించడు.

గీత పద్దెనిమిదవ అధ్యాయంలో భగవానుడు బుద్ధిని మూడు విధాలుగా విభజించాడు. ఎప్పుడు ముందుకు సాగాలో, ఎప్పుడు ఆగాలో, ఏది చేయదగినదో, ఏది కాదో, దేనికి భయపడాలో, దేనికి భయపడనక్కరలేదో ఎరిగినది సాత్త్వికబుద్ధి. ధర్మాధర్మాలను ఉన్నవి ఉన్నట్లు చూడలేనిది రాజసబుద్ధి. అధర్మాన్నే ధర్మమని భావించేది తామసబుద్ధి. మూడింటినీ భగవానుడు బుద్ధి అనే పిలిచాడు. కనుక యుద్ధానికి దిగిన పాలకునికి బుద్ధి ఉందా అని అడగడం కంటే అది ఏ బుద్ధి అని అడగడమే శాస్త్రసమ్మతమైన ప్రశ్న.

ఈ సందర్భంలో ధృతరాష్ట్రుని మరువరాదు. సింహాసనం అతనిది, ఆపగల అధికారమూ అతనిదే. నిద్రపట్టని ఆ రాత్రి విదురుడు చెప్పిన నీతినంతా విన్నాడు, అంగీకరించాడు. కాని కొడుకు ఎదుట పడగానే తన మనసు మళ్ళీ మారిపోతుందని తానే ఒప్పుకున్నాడు. తెలిసి కూడా ఆపలేని ఈ బలహీనత దుర్యోధనుని దురాశకు ఏమాత్రం తీసిపోని కీడు చేసింది.

ధర్మరాజు తూకం

ఇక్కడ ఒక సందేహం సహజంగా కలుగుతుంది. పాండవులు కూడా యుద్ధానికే సిద్ధపడ్డారు కదా, వారి నిర్ణయం మాత్రం వివేకమెట్లా అయింది?

ధర్మరాజు సగం రాజ్యానికి హక్కుదారు. అయినా సంజయునితో ఐదూళ్ళు చాలునని కబురు పంపాడు. అవిస్థలం, వృకస్థలం, మాకంది, వారణావతం, ఐదవది ఏదైనా ఒకటి. ఏది దక్కితే యుద్ధం మానుకుంటాడో ఊళ్ళ పేర్లతో సహా అతనికి తెలుసు. దుర్యోధనునికి అటువంటి హద్దు ఏదీ లేదు. ఇంత ఇస్తే చాలునని అతడు ఒక్కనాడూ చెప్పలేకపోయాడు.

రాయబారానికి బయలుదేరే ముందు శ్రీకృష్ణునితో ధర్మరాజు పలికిన మాటలు మరీ విశిష్టమైనవి. యుద్ధాన్ని అతడు మాంసఖండం కోసం కుక్కల కాట్లాటతో పోల్చాడు. తోక ఆడించడం, మొరగడం, చుట్టూ తిరగడం, పళ్ళు చూపడం, చివరకు కలబడడం. బలమైనది మాంసం తింటుంది. మనుష్యుల పోరులోనూ ఇంతకు మించి విశేషం లేదన్నాడు. ఆ పోలికలో తన పక్షాన్ని మినహాయించుకోలేదు. గెలిచినా ఓడినా నష్టమొకటేనని, గెలుపు వైరాన్ని పెంచుతుందని చెప్పాడు. గద పట్టిన భీముడు సైతం ఆనాడు, సభలో మృదువుగా మాట్లాడవలసిందని కృష్ణుని కోరాడు.

రాయబారం విఫలమై సేనలు ఎదురెదురుగా నిలిచిన తరువాత కూడా ధర్మరాజు కవచం విప్పి, పాదచారియై వెళ్ళి భీష్మద్రోణులకు నమస్కరించి అనుజ్ఞ కోరాడు. ఎవరైనా ఇటు రాదలచుకుంటే రావచ్చునని ప్రకటించాడు. ధృతరాష్ట్రుని కుమారుడైన యుయుత్సుడు అలా వచ్చి చేరాడు. చివరి క్షణం వరకు తలుపు మూయకపోవడం సాత్త్వికబుద్ధి లక్షణం.

గెలిచినవాని శోకం

ఇంతటి వివేకంతో చేసిన యుద్ధమైనా సుఖాన్నిచ్చిందా? పద్దెనిమిది రోజులు ముగిసేసరికి కౌరవపక్షాన అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ మాత్రమే మిగిలారు. పాండవపక్షాన ఐదుగురు అన్నదమ్ములు, శ్రీకృష్ణుడు, సాత్యకి. పదమూడవనాడు అభిమన్యుడు, చివరి రాత్రి నిద్రలో ద్రౌపది ఐదుగురు కుమారులు నేలకొరిగారు. తిలోదకాలు విడిచే వేళ కర్ణుడు తన పెద్దకొడుకని కుంతి వెల్లడించింది. శాంతిపర్వం ఆరంభంలో ధర్మరాజు రాజ్యం వద్దు, అడవికి పోతానని విలపించాడు. సోదరులు, ద్రౌపది, వ్యాసాది మహర్షులు, శ్రీకృష్ణుడు ఎంతో నచ్చజెబితే గాని సింహాసనం ఎక్కలేదు. తప్పనిసరి యుద్ధం కూడా శోకాన్ని మిగిల్చే తీరుతుందని వ్యాసభగవానుడు దాపరికం లేకుండా చూపాడు.

చరిత్రలో ఇటువంటి శోకమే అశోకునిది. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు అతడు కళింగాన్ని జయించాడు. లెక్కప్రకారం అది సంపూర్ణ విజయం. కాని అక్కడ లక్షమంది హతులయ్యారని, లక్షా యాభై వేలమంది చెరపట్టబడి తరలింపబడ్డారని, అంతకు ఎన్నో రెట్లమంది మరణించారని అతడే తన పదమూడవ శిలాశాసనంలో చెక్కించి పశ్చాత్తాపం ప్రకటించాడు. ఆ చక్రవర్తి శాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఇప్పటికీ దర్శనమిస్తాయి.

నీతిశాస్త్రం, చరిత్ర

ఇది ఋషుల మాట, రాజ్యతంత్రానికి పనికిరాదని అనేవారు కౌటిల్యుని అర్థశాస్త్రం చూడవచ్చు. సంధి, విగ్రహం మొదలైన ఆరు గుణాలను వివరిస్తూ, రెండింటి వల్ల సమానమైన లాభం కలిగేటట్లుంటే సంధినే ఎంచుకోవాలని ఆయన నిర్ణయించాడు. యుద్ధంలో జననష్టం, ధనవ్యయం, స్వదేశానికి దూరం కావడం, కీడు తప్పవని కారణం చూపాడు. మనుస్మృతి సైతం గెలుపోటములు అనిశ్చితమైనవి గనుక సామదానభేదాలను ముందు ప్రయోగించమంది.

ఈ హెచ్చరిక పెడచెవిన పెడితే ఏమవుతుందో 1914లో లోకం చూసింది. జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది. సరిగ్గా నెల తర్వాత ఆస్ట్రియా-హంగరీ సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. ఆపైన వారం రోజుల్లో జర్మనీ, రష్యా, ఫ్రాన్స్, బ్రిటన్ అందులో దిగాయి. ఆ రాజధానులలో మతిలేనివారెవరూ లేరు. సైన్యాలను రైళ్ళలో సరిహద్దులకు చేర్చే పట్టికలతో సహా అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ముందు కదలకపోతే వెనుకబడతామన్న లెక్క అందరిదీ. కొద్ది నెలల్లో ముగుస్తుందని చాలామంది తలచిన ఆ యుద్ధం 1918 నవంబరు 11 దాకా సాగింది. ఆస్ట్రియా-హంగరీ, జర్మనీ, రష్యా రాజవంశాలు సింహాసనాలు పోగొట్టుకున్నాయి. మన దేశం నుంచి సముద్రాలు దాటి వెళ్ళిన పదిలక్షలకు పైబడిన సైనికులలో దాదాపు 74,000 మంది తిరిగి రాలేదు. ఆ యుద్ధంతో వారి ఇళ్ళకు ఏ సంబంధమూ లేదు.

అంతదూరం పోనక్కరలేదు. కోడిపందెంతో రాజుకున్న దాయాదుల వైరం పల్నాటిని ఎలా దహించిందో తెలుగువారికి తెలుసు. సంధి మాట్లాడడానికి వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడని వీరగాథ చెబుతుంది. రాయబారికి చోటు లేకుండా పోయిన తరువాత కారెంపూడి రణక్షేత్రమే మిగిలింది. అక్కడ కార్తీకమాసంలో వీరులకు నేటికీ ఆరాధన జరుగుతూనే ఉంది.

నాలుగు గీటురాళ్ళు

ఒక పాలకుని యుద్ధనిర్ణయం వివేకమో, యుక్తి మాత్రమో తేల్చుకోవడానికి ఇతిహాసాలు మనకు నాలుగు గీటురాళ్ళు ఇస్తున్నాయి.

మొదటిది, ఆలోచన నిశ్చయానికి ముందు జరిగిందా, తరువాత జరిగిందా? కుంభకర్ణుడు అడిగిన ప్రశ్న ఇదే.

రెండవది, ఏది లభిస్తే యుద్ధం మానుకుంటారో వారికి తెలుసునా? ధర్మరాజు చెప్పిన ఐదూళ్ళ వంటి హద్దు ఉన్నదా?

మూడవది, వద్దన్నవారికి పట్టిన గతి ఏమిటి? లంకలో విభీషణుడు పరుషవాక్యాలు పడి అన్నను వీడిపోయాడు. మాల్యవంతుడు చెప్పిన హితవు రావణునికి రుచించలేదు. హస్తినలో దుర్యోధనుడు సభ విడిచి వెళ్ళి, రాయబారినే బంధించాలని చూశాడు. హితం చెప్పేవాడు లేని కొలువులో లెక్క సరిచూసేవాడు ఉండడు.

నాలుగవది, నష్టాన్ని ఎవరి నష్టంగా లెక్కించారు? పరుల బిడ్డలను అంకెలుగా, తన బిడ్డలను ప్రాణాలుగా చూసినవాని లెక్క మొదటి పంక్తిలోనే తప్పింది.

ఈ నాలుగింటికీ నిలిచిన యుద్ధాలు అరుదు. అవి బొత్తిగా లేవని శాస్త్రం అనలేదు. ఆక్రమించవచ్చినవానిని ఎదిరించడం, శరణన్నవారిని రక్షించడం రాజధర్మమే. అట్టి యుద్ధం చేసినవాడు కూడా ధర్మరాజు వలె దుఃఖాన్ని మోయక తప్పదు. ఆ దుఃఖం కలగని విజేతను చూసి ప్రజలు భయపడాలి.

మన ఇంటి కురుక్షేత్రం

సైన్యాలు మన చేతుల్లో లేవు. అన్నదమ్ముల పంపకాలు, గట్టు తగవులు, దావాలు మాత్రం మన చేతుల్లో ఉన్నవే. దావా వేయడానికి మంచి ముహూర్తం చూడమని ఆలయానికి వచ్చేవారిని నేను ముందుగా ఒక మాట అడుగుతుంటాను: మీ అన్నగారు ఏమిస్తే మీరు దీనిని మానుకుంటారు? కొందరు వెంటనే చెబుతారు, ఆ బావిలో సగం, ఆ దక్షిణపు గది అని. అట్టివారికి కోర్టు కంటే మధ్యవర్తి దగ్గర. కొందరు చాలాసేపు మౌనంగా నిలబడతారు. వారికి కావలసినది గది కాదు, అన్నగారి ఓటమి. అది ఏ ముహూర్తంలో మొదలుపెట్టినా శుభమివ్వదు.

కనుక ఇంటిల్లిపాదీ కూర్చుని తిక్కనగారి ఉద్యోగపర్వాన్ని రోజుకు కొంతగా చదువుకోవలసిందిగా మనవి. శ్రీకృష్ణుని మాటలతో పాటు దుర్యోధనుని వాదాన్నీ శ్రద్ధగా వినండి. అది ఎంత సబబుగా తోస్తుందో, మన మాటలకు ఎంత దగ్గరగా ఉంటుందో పిల్లలకు చూపండి. నిత్యం సంధ్యావందనంలో గాయత్రి ద్వారా మనం కోరేది కూడా బుద్ధిని మంచి మార్గంలో ప్రేరేపించమనే. బుద్ధి ఉంటే చాలుననుకుంటే ఋషులు ఆ ప్రార్థనను మనకు ఇచ్చేవారే కాదు. లోకంలోని పాలకులందరికీ, మనకూ ఆ ప్రేరణ కలుగుగాక.